ఫోనో ప్రీఆంప్ కొనే ముందు ముల్లును అడగండి

మొన్న గుంటూరు నుంచి మావయ్య ఫోన్ చేశాడు. అటక మీది ట్రంకుపెట్టె దించి, తాతయ్య కాలం నాటి ఎల్‌పీ రికార్డుల దుమ్ము దులిపి, ముచ్చటపడి కొత్త టర్న్‌టేబుల్ కొన్నాడు. ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న హోమ్ థియేటర్ వెనక ఆక్స్ అని రాసి ఉన్నచోట వైర్లు గుచ్చాడు.

"ఏం అల్లుడూ, ఇంత పోసి కొంటే ఘంటసాల దోమలా పాడుతున్నాడేంట్రా? వాల్యూమ్ చివరిదాకా తిప్పినా వినపడీ వినపడనట్టుంది. మిషను డొక్కుదంటావా?"

"మిషను మంచిదే మావయ్యా. మధ్యలో ఫోనో ప్రీఆంప్ అనే పెట్టె ఒకటి తక్కువైంది" అన్నాను. ఆ పెట్టె ఏది కొనాలి అన్నదాని మీద గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ గంట మాటల్నే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

రికార్డు గాడిలో పాట ఉన్నదున్నట్టు ఉండదు. కోసేటప్పుడే బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. బాస్ అలలు పెద్దవి. వాటిని అలాగే కోస్తే గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిని తినేస్తుంది, ఒక వైపున ఇరవై నిమిషాల పాట పట్టదు. ట్రెబుల్ పెంచడంలో ఇంకో కిటుకుంది. వినేటప్పుడు దాన్ని మళ్లీ దించుతాం కదా, దాంతోపాటే రికార్డు మీది బరబర కూడా దిగుతుంది. ఎంత పెంచాలో, ఎంత దించాలో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 1954లో లెక్క ఖాయం చేసింది. ఆర్.ఐ.ఎ.ఎ. కర్వ్ అనేది అదే. దాని ప్రకారం వినేటప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్లు ఎత్తాలి, 20 వేల హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్లు దించాలి. ఫోనో ప్రీఆంప్ చేసేవి ఈ రెండు పనులే: మిల్లీవోల్టుల్లో వచ్చే సిగ్నల్‌ను ఆంప్లిఫయర్‌కు ఆనేంత పెంచడం, ఈ కర్వ్‌ను తిరగేయడం. మావయ్య ఇంట్లో రెండూ జరగలేదు. సిగ్నలూ చిన్నదే, బాసూ లేదు. అందుకే దోమ.

బజారులో ఈ పెట్టెలు కొద్ది వేల రూపాయల నుంచి లక్షల దాకా ఉన్నాయి. రివ్యూలు చదివితే బుర్ర తిరుగుతుంది. నన్నడిగితే, ఈ ఎంపిక పెట్టె దగ్గర మొదలుకాదు, ముల్లు దగ్గర మొదలవుతుంది. టర్న్‌టేబుల్ చేతి చివర వేలాడుతూ, ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే కార్ట్రిడ్జ్ ఏదో తెలిస్తే సగం పెట్టెలు వాటంతటవే పక్కకు పోతాయి.

అసలు కొనాలా?

ఈ ప్రశ్న వేసుకోకుండా కొనేవాళ్లను చాలామందిని చూశాను. ఆడియో టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్, ఎల్‌పీ120ఎక్స్ లాంటి టర్న్‌టేబుళ్లలో ప్రీఆంప్ లోపలే ఉంటుంది. ఫోనో, లైన్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. లైన్‌లో పెడితే లోపలి ప్రీఆంప్ పనిచేస్తుంది, నేరుగా ఆక్స్‌కు ఇచ్చుకోవచ్చు. మరోవైపు, మీ ఆంప్లిఫయర్ వెనకే ఫోనో అని ఇన్‌పుట్ ఉండొచ్చు. డెబ్బయ్యో ఎనభయ్యో దశకాల సన్సుయ్, పయనీర్, మరాంట్జ్ ఆంప్లిఫయర్లలో దాదాపు అన్నిటికీ ఉండేది. ఇప్పటివాటిలో యమహా ఏ-ఎస్301, డెనాన్ పీఎంఏ-600ఎన్ఈ, మరాంట్జ్ పీఎం6007కు ఉంది. ఫోనో అన్న అక్షరాల పక్కన చిన్న స్క్రూ ఒకటి కనిపిస్తే అది ఎర్త్ వైరు కోసం. అది ఉందంటే మీకు కొత్త పెట్టె అక్కర్లేకపోవచ్చు.

ఒక్క పొరపాటు మాత్రం చేయొద్దు. టర్న్‌టేబుల్ స్విచ్ లైన్‌లో ఉంచి, వైర్లు ఆంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్‌కు ఇస్తే కర్వ్ రెండుసార్లు తిరగబడుతుంది. బాస్ గుమ్మరించినట్టు, గొంతు కుండలోంచి వచ్చినట్టు, పైగా పగిలిపోయినట్టు వినిపిస్తుంది. దానికి స్పీకర్లను తిట్టినవాళ్లున్నారు.

ఇంకో రకం పాత హెచ్.ఎం.వి. పెట్టె ప్లేయర్లు, ఇప్పుడు మాల్స్‌లో అమ్మే సూట్‌కేస్ ప్లేయర్లు. వీటిలో చాలావాటికి ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్. అది మిల్లీవోల్టులు కాదు, వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. పైగా దాని స్వభావమే కర్వ్‌ను చాలావరకు సర్దేస్తుంది. దానికి ఫోనో ప్రీఆంప్ పెడితే మోత తప్ప పాట వినపడదు. ఇలాంటి ప్లేయర్ ఉన్నవాళ్లకు నా సలహా వేరే ఉంది: ప్రీఆంప్ డబ్బులు దాచి, మంచి టర్న్‌టేబుల్‌కు జమ చేసుకోండి. సిరామిక్ ముల్లు గాడి మీద అయిదారు గ్రాముల బరువు మోపుతుంది. మామూలు మాగ్నెట్ కార్ట్రిడ్జ్ రెండు గ్రాములతో సరిపెట్టుకుంటుంది. తాతయ్య రికార్డులు మళ్లీ దొరికేవి కావు కదా.

ముల్లు ఏ జాతి?

మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ముల్లు వెనక అయస్కాంతం కదిలితే ఎం.ఎం. (మూవింగ్ మాగ్నెట్), తీగచుట్ట కదిలితే ఎం.సి. (మూవింగ్ కాయిల్). ఎం.ఎం. దగ్గర మూడు నుంచి అయిదారు మిల్లీవోల్టులు వస్తాయి. తీగచుట్ట కదలాలంటే తేలిగ్గా ఉండాలి, చుట్లు తక్కువుండాలి, అందుకే ఎం.సి.లో చాలావాటికి వచ్చేది 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టులే.

ఇక్కడ చిన్న లెక్క చేస్తే ఏ పెట్టె కావాలో తేలిపోతుంది. 20 డెసిబెల్లు అంటే పది రెట్లు, 40 అంటే వంద, 60 అంటే వెయ్యి. ఆడియో టెక్నికా ఏటీ-వీఎం95ఈ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు. దానికి 40 డెసిబెల్ల గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెడితే 400 మిల్లీవోల్టులు, హాయిగా సరిపోతుంది. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ 5.5 ఇస్తుంది, అదే పెట్టెలో 550 అవుతుంది. ఇప్పుడు డెనాన్ డీఎల్-103 తీసుకోండి. జపాన్ రేడియో సంస్థ ఎన్.హెచ్.కె. కోసం అరవైల మొదట్లో తయారై, ఇప్పటికీ అమ్ముడవుతున్న ఎం.సి. అది. ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు. 40 డెసిబెల్లకు 30 మిల్లీవోల్టులే, మళ్లీ దోమే. దానికి 60 డెసిబెల్లు కావాలి. సీడీ ప్లేయర్ రెండు వోల్టులు ఇస్తుంది కాబట్టి రికార్డు పెట్టినప్పుడు వాల్యూమ్ ఇంకాస్త తిప్పాల్సిరావడం మామూలే, కంగారుపడొద్దు.

గెయిన్ ఎక్కువుంటే మంచిదే కదా అనుకోవద్దు. పెట్టె లోపలి కరెంటు ఎంత వోల్టేజీ ఇవ్వగలదో అంతవరకే సిగ్నల్ ఎగరగలదు. తొమ్మిది వోల్టుల అడాప్టర్‌తో నడిచే చవక పెట్టెలో వంద రెట్ల గెయిన్ ఉంటే, ముప్ఫై మిల్లీవోల్టులకు అటూ ఇటూగా తల తగులుతుంది. పాట గట్టిగా ఉన్నచోట 2ఎం రెడ్ ఇరవై దాటుతుంది. గీత పడ్డచోట ముల్లు ఎగిరినప్పుడు అంతకు మించే పోతుంది. అందుకే కొన్ని పెట్టెల్లో గీత "టిక్" మని పోతుంది, కొన్నిట్లో అదే గీత "ట్టప్" మని కొట్టి క్షణం సేపు పాటను మింగేస్తుంది. పాత రికార్డులు వినేవాళ్లు దీన్ని గమనించాలి. కొత్త రికార్డులే వినేవాళ్లకు అంత పట్టింపు లేదు.

డీఎల్-103 మీద మనసుపడ్డ కుర్రాళ్లకు ఒక మాట. ఆ కార్ట్రిడ్జ్‌ను మోసే టర్న్‌టేబుల్ చెయ్యి బరువైనది కావాలి, దాని ముల్లు అరిగితే మీరు మార్చుకోలేరు, మొత్తం పంపించాల్సిందే. దానికి 60 డెసిబెల్ల నిశ్శబ్దమైన ప్రీఆంప్ వెతకాలి, లేదా ఉన్న ఎం.ఎం. ప్రీఆంప్ ముందు ఒకటికి పది స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ దారి నాకిష్టం. కరెంటు అక్కర్లేదు, పది రెట్లంటే 20 డెసిబెల్లు వచ్చేస్తాయి, ఎం.ఎం. పెట్టెలోని 47 కిలో ఓమ్‌ల అడ్డు (రెసిస్టెన్స్) కార్ట్రిడ్జ్‌కు 470 ఓమ్‌లుగా కనిపిస్తుంది. నలభై ఓమ్‌ల డీఎల్-103కు అది చక్కగా కుదురుతుంది. కానీ మొదటి టర్న్‌టేబుల్‌కు ఇదంతా ఎందుకు? ఎం.ఎం.తోనే మొదలుపెట్టండి.

రివ్యూల్లో కనపడని అంకె

ఎం.ఎం. వాళ్లు అన్నిటికన్నా శ్రద్ధగా చూడాల్సింది కెపాసిటెన్స్. వైర్లలోనూ ప్రీఆంప్‌లోనూ కాస్త విద్యుత్తు నిలవుండిపోయే గుణం అది, పికోఫారడ్లలో చెబుతారు. చాలామంది రివ్యూయర్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు గానీ, నా చెవికి తేడా ఎక్కువగా వినిపించేది ఇక్కడే.

ఎం.ఎం. కార్ట్రిడ్జ్ లోపల వేల చుట్ల తీగ ఉంటుంది, అంటే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును చుట్ట అడ్డుకునే గుణం) ఎక్కువ. దానికి చేతి లోపలి వైరు, బయటి ఆర్.సి.ఎ. వైరు, ప్రీఆంప్ ఇన్‌పుట్, ఈ మూడింటి కెపాసిటెన్స్ కలిస్తే ఒకచోట ప్రతిధ్వనిలా ఎగిసిపడుతుంది. ఏటీ-వీఎం95ఈకి ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు, కంపెనీ చెప్పే కెపాసిటెన్స్ మొత్తం కలిపి 100 నుంచి 200 పికోఫారడ్లు. మొత్తం 200 దగ్గర ఉంటే ఆ ఎగుడు 15 వేల హెర్ట్జ్ దగ్గరుంటుంది, చాలామంది పెద్దవాళ్ల చెవి అక్కడిదాకా పోదు. ఇప్పుడు వైర్లవి 150, చవక ప్రీఆంప్‌ది 220 అనుకోండి. మొత్తం 370. ఎగుడు 11 వేల హెర్ట్జ్‌కు దిగివస్తుంది. అది చెవికి సూటిగా తగిలే చోటు. గాయని "స" అన్న ప్రతిసారీ పాము బుసకొట్టినట్టు ఉంటుంది, తాళాలు రేకు డబ్బా మోగినట్టు ఉంటాయి. "ఈ కార్ట్రిడ్జ్ ట్రెబుల్ ఎక్కువండీ" అని దాని మీద నింద వేస్తారు గానీ, తప్పు దానిది కాదు.

ఆర్టోఫోన్ 2ఎం రెడ్ 150 నుంచి 300 దాకా ఒప్పుకుంటుంది, దానికి చాలా పెట్టెలు పడతాయి. పాత షూర్ ఎం75 లాంటివి 400, 500 అడుగుతాయి, వాటికి తక్కువైతే పైస్థాయి మందగిస్తుంది. అంటే ఒకే ప్రీఆంప్ ఒకరింట్లో బంగారం, ఇంకొకరింట్లో ఇత్తడి. ఎం.సి. వాళ్లకు ఈ తలనొప్పి దాదాపు లేదు, వాళ్లు చూసుకోవాల్సింది లోడ్, అంటే కార్ట్రిడ్జ్‌కు ప్రీఆంప్ చూపే ఓమ్‌లు. కార్ట్రిడ్జ్ సొంత ఓమ్‌లకు పది రెట్లు అన్నది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క.

కాబట్టి పెట్టె కొనేముందు దాని వివరాల్లో ఇన్‌పుట్ కెపాసిటెన్స్ ఎంతో రాసి ఉందా చూడండి. రాయని కంపెనీని నేను అనుమానంగానే చూస్తాను.

పెట్టెల సంగతి

టర్న్‌టేబుల్ లోపలి ప్రీఆంప్‌ను తీసిపారేయొద్దు. ముల్లు ఇంకా గుండ్రటి మొనదే అయితే, బయటి పెట్టె కొనడం కన్నా ముల్లు మార్చడమే తెలివైన పని. వీఎం95 కుటుంబంలో ఒకే ఒంటికి అన్ని ముళ్లూ పడతాయి. గుండ్రటి 'సీ' రకం తీసి దీర్ఘవృత్తాకారపు 'ఈ' రకం, ఇంకా డబ్బులుంటే 'ఎంఎల్' రకం పెడితే వచ్చే తేడా, అదే డబ్బుతో కొన్న ప్రీఆంప్‌లో రాదు. ముందు ముల్లు, తరువాత పెట్టె.

చవకలో బెరింజర్ పీపీ400 ఉంది. చేతిలో ఇమిడేంత, ఏ స్విచ్‌లూ లేవు. పాట వినిపిస్తుంది, అంతే. టర్న్‌టేబుల్‌లో ప్రీఆంప్ లేనివాళ్లకు, ఇంకా ఈ సరదా నిలుస్తుందో లేదో తెలియనివాళ్లకు సరే. దాన్ని తప్పుపట్టను, కానీ దాని మీదే ఆగిపోకండి.

దానిపై మెట్టులో నాకు నచ్చింది ఏఆర్‌టీ డీజే ప్రీ టూ. చూడ్డానికి అందంగా ఉండదు, పెళ్లి బాజాలవాళ్ల సామాను పెట్టెలా ఉంటుంది. కానీ కెపాసిటెన్స్‌ను 100కో 200కో మార్చుకునే స్విచ్ ఉంది, గెయిన్ తిప్పుకునే బిరడా ఉంది, సిగ్నల్ పగిలిపోతే ఎర్రగా వెలిగే దీపం ఉంది, మరీ కింది బాస్‌ను కోసేసే లో-కట్ ఫిల్టర్ ఉంది. ఈ నాలుగూ ఉన్న పెట్టె ఆ ధరలో నేను వేరేది చూడలేదు. మావయ్యకు చివరికి కొనిపించింది ఇదే. ఆయన టర్న్‌టేబుల్‌కు వీఎం95ఈ ఉంది, 100కు పెట్టాం. ఎండాకాలాలు అటక మీద పడుకున్న రికార్డులు అప్పడాల్లా వంగి ఉన్నాయి, లో-కట్ నొక్కాం. వంగిన రికార్డు పైకీ కిందికీ ఊగినప్పుడు ముల్లు చెవికి వినపడని సిగ్నల్ ఇస్తుంది. దానికి వూఫర్ (బాస్ స్పీకర్) గసపోస్తున్నట్టు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఆంప్లిఫయర్ బలమంతా అక్కడే పోతుంది. ఆ బటన్ నొక్కగానే మావయ్య స్పీకర్ గుడ్డ కింద వేలు పెట్టి చూసి "ఆగిందిరోయ్!" అన్నాడు.

రెగా, ప్రో-జెక్ట్ కంపెనీల సాదా ఎం.ఎం. పెట్టెలు పద్ధతైనవి. పెట్టు, మరిచిపో అన్న తరహా. రెగా వాళ్లదే ఫోనో మినీ ఏ2డీకి యూఎస్‌బీ కూడా ఉంది, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. అటక మీది రికార్డులను పిల్లలకు వాట్సాప్‌లో పంపాలనుకునే పెద్దవాళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లు ముందుగానే యూఎస్‌బీ ఉన్నది చూసుకుంటే మంచిది.

ఎం.ఎం. నుంచి ఎం.సి.కి ఎప్పటికైనా వెళ్తానన్న ఆలోచన గట్టిగా ఉంటే షిట్ ఆడియో మానీ టూ, ఐఫై జెన్ ఫోనో, కేంబ్రిడ్జ్ ఆల్వా డుయో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మానీ టూకు 33, 42, 48, 60 డెసిబెల్లు అని నాలుగు గెయిన్ మెట్లున్నాయి, కెపాసిటెన్స్, లోడ్ కూడా మార్చుకోవచ్చు. స్విచ్‌లు మాత్రం అడుగున ఉంటాయి. పెట్టెను బోర్లించి పళ్లపుల్లతో నొక్కాలి, రోజూ మార్చేది కాదు కాబట్టి ఫర్వాలేదు. జెన్ ఫోనో 36 నుంచి 72 దాకా వెళ్తుంది, మరీ బలహీనమైన ఎం.సి.కి కూడా సరిపోతుంది. ఆల్వా డుయోకు ఎం.ఎం., ఎం.సి. ఇన్‌పుట్లు వేర్వేరుగా ఉంటాయి, ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక వైపు విని పడుకునేవాళ్లకు అది చాలా ఉపయోగం. రెండు మూడు కార్ట్రిడ్జ్‌లు మార్చి మార్చి పెట్టేవాళ్లకు మానీ టూ. ఒకటే ఎం.సి. పెట్టుకుని కూర్చునేవాళ్లకు జెన్ ఫోనో. రాత్రి శ్రోతలకు డుయో. ఎం.ఎం. మార్చే ఉద్దేశమే లేకపోతే ఈ మూడూ అక్కర్లేదు, డీజే ప్రీతో ఆగి మిగిలిన డబ్బుతో రికార్డులు కొనుక్కోండి.

ట్యూబ్ పెట్టెలు కూడా ఆన్‌లైన్‌లో బోలెడు. అద్దపు బుడ్డీ కింద నారింజ రంగు దీపం వెలుగుతూ ముచ్చటగా ఉంటాయి. చవకవాటిలో ఆ ట్యూబు చేసే పని తక్కువ, ఆ దీపం చేసే పని ఎక్కువ. మంచి ట్యూబ్ ప్రీఆంప్‌కు వందల వోల్టుల సరఫరా కావాలి, దాని ధర అందుకు తగ్గట్టే ఉంటుంది.

డల్లాస్ అడాప్టర్

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ కొడుకు డల్లాస్ నుంచి వస్తూ ఒక ప్రీఆంప్ తెచ్చాడు. అంత మంచి పెట్టె చూసిన సంబరంలో, ప్లగ్గుకు కన్వర్టర్ పిన్ను తగిలించి గోడకు పెట్టాను. రెండు నిమిషాలకు కాలిన వాసన. అడాప్టర్ మీద 120 వోల్టులు అని స్పష్టంగా రాసి ఉంది. చదవంది నేను. పెట్టె బతికింది, అడాప్టర్ పోయింది.

అడాప్టర్ ఇటుకలా బరువుగా ఉంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు, చాలావరకు ఒకే వోల్టేజీకి. తేలిగ్గా ఉంటే, ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. జెన్ ఫోనో అయిదు వోల్టుల డీసీ అడాప్టర్‌తో నడుస్తుంది. మానీ టూది ఏసీ అడాప్టర్, దానికి 230 వోల్టులదే తీసుకోవాలి. బదులు అడాప్టర్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతుంది గానీ, ఒక్కటి గుర్తుంచుకోండి: అవుట్‌పుట్ ఏసీనా డీసీనా. వోల్టుల అంకె ఒకటైనా ఏసీ అడిగే పెట్టెకు డీసీ ఇస్తే పని కాదు.

పెట్టె ఒక్కటే కాదు, అక్కడి పాత టర్న్‌టేబుల్ కూడా తెస్తుంటే ఇంకో సంగతి. గోడ కరెంటు లయకు తిరిగే మోటారు అయితే అక్కడి 60 హెర్ట్జ్‌కు కట్టిన పుల్లీ మన 50 హెర్ట్జ్‌లో ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టులు దించినా వేగం పెరగదు. ఎస్. జానకి గొంతు మగగొంతు అయిపోతుంది.

ఇక హమ్. కొత్త ప్రీఆంప్ తెచ్చిన పది మందిలో సగం మంది అడిగేది "జుయ్ మంటోంది" అనే. ముందు టర్న్‌టేబుల్ సన్నటి ఎర్త్ వైరును ప్రీఆంప్ స్క్రూకు బిగించారా చూడండి. రెగా టర్న్‌టేబుళ్లకు ఆ వైరు వేరుగా ఉండదు, ఎడమ ఆర్.సి.ఎ. వైరు కవచంతోనే కలిపేస్తారు, దానికోసం వెతక్కండి. ప్రీఆంప్‌ను ఆంప్లిఫయర్ నెత్తిన పెట్టొద్దు, పక్కన వైఫై రూటర్, ఫోన్ ఛార్జర్ ఉండొద్దు. టర్న్‌టేబుల్ నుంచి ప్రీఆంప్‌కు వైరు పొట్టిగా ఉండాలి, అక్కణ్నుంచి ఆంప్లిఫయర్‌కు ఎంత పొడుగున్నా అంత నష్టం లేదు. పొట్టి వైరు వల్ల కెపాసిటెన్స్ కూడా తగ్గుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే మోత వస్తుంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పుణ్యం. ఏ ప్రీఆంప్ కొన్నా ఆ మోత పోదు. సైన్ వేవ్ ఇన్వర్టరే మందు. అన్నట్టు పాత ఇళ్లలో మూడో రంధ్రంలో ఎర్త్ ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించుకోవడం ప్రీఆంప్ కోసమే కాదు, ఫ్రిజ్ కోసం కూడా.

ప్లేట్లున్నవాళ్లకు

78 స్పీడ్ పాత ప్లేట్లు ఉన్నవాళ్ల కథ వేరు. వాటి గాడి వెడల్పు, ఎల్‌పీ ముల్లు అందులో అడుగున పొర్లుతుంది. వాటికి మూడు మిల్‌ల (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. వీఎం95 ఒంటికి పట్టే ఎస్‌పీ ముల్లు అందుకే తయారైంది. ఎల్‌పీ60ఎక్స్‌కు 78 స్పీడే లేదు, ఎల్‌పీ120ఎక్స్‌కు ఉంది.

ముల్లు దొరికినా కర్వ్ సమస్య ఉంటుంది. వాటిలో చాలా ప్లేట్లు 1954 లెక్క రాకముందు కోసినవి. చాలా హెచ్.ఎం.వి. ప్లేట్లలో బాస్ 250 హెర్ట్జ్ కింద మాత్రమే తగ్గించేవారు, ట్రెబుల్ పెంచేవారు కాదు. ఇప్పటి ప్రీఆంప్ మాత్రం 10 వేల హెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డెసిబెల్లు దించేస్తుంది. బరబరతో పాటు గొంతులోని మెరుపు కూడా పోయి, దుప్పటి కప్పినట్టవుతుంది. కర్వ్‌లు మార్చుకునే ప్రీఆంప్‌లు ఉన్నాయి, ఖరీదైనవి. పదీ ఇరవై ప్లేట్ల కోసం అవి కొనమని చెప్పను. మామూలు ప్రీఆంప్‌తోనే కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కడ ట్రెబుల్ ఎత్తి, బాస్ సర్దుకుంటే ఖర్చు లేకుండా పనైపోతుంది. అప్పుడే ఎడమా కుడీ కలిపి మోనో చేయండి. 78లన్నీ, పాత సినిమా ఈపీల్లో (చిన్న రికార్డుల్లో) చాలావరకు మోనోవే. స్టీరియో కార్ట్రిడ్జ్ పైకీ కిందికీ ఊగే కదలికను కూడా వింటుంది, మోనో రికార్డులో ఆ కదలికలో పాట ఉండదు, దుమ్మూ గీతల చప్పుడే ఉంటుంది. రెండు ఛానెళ్లనూ కలిపితే అది ఒకదాన్నొకటి కొట్టేసుకుని బరబర చాలా తగ్గుతుంది. ఆంప్లిఫయర్‌కే మోనో బటన్ ఉంటే ఇంకా సుళువు. పాత సన్సుయ్‌ల మీద ఆ బటన్ ఉండేది, ఇప్పటివాళ్లు తీసేశారు. ఎందుకు తీసేశారో నాకింకా కోపమే.

ఇంటికి తెచ్చాక

పెట్టె వచ్చాక వెనక్కిచ్చే గడువు అయ్యేలోపు మూడు పరీక్షలు చేయండి. రికార్డు తిరగకుండా, ముల్లు పైకి ఎత్తి ఉంచి, మీరు మామూలుగా వినే చోటుకు వాల్యూమ్ తిప్పండి. కూర్చున్న కుర్చీ దగ్గరికి హమ్, బుస వినిపించకూడదు, స్పీకర్‌కు చెవి ఆనిస్తే వినిపించినా ఫర్వాలేదు. తరువాత బాగా గీతలు పడ్డ రికార్డు ఒకటి పెట్టండి, ఇంట్లో వాడనిది ఏదో ఒకటి ఉంటుంది. గీత టిక్ మని పోతోందా, ట్టప్ మని పాటను మింగుతోందా వినండి. చివరగా మీకు కంఠతా వచ్చిన పాట, అందులో "స", "శ" ఎక్కువున్నది పెట్టి, కెపాసిటెన్స్ స్విచ్ ఉంటే అటూ ఇటూ మార్చి వినండి. పాట మధ్యలో స్విచ్ నొక్కేముందు వాల్యూమ్ తగ్గించడం మరవొద్దు, లేకపోతే స్పీకర్ ఉలిక్కిపడుతుంది, వంటింట్లోంచి కేక కూడా వినపడుతుంది.

మావయ్య మొదటి రెండు పరీక్షలూ చేశాడు. మూడోది చేయడానికి కూర్చుని, స్విచ్ మార్చడం మరిచిపోయి, ఆ వైపంతా వినేశాడట.